నా మెడకు చుట్టుకున్న పర్సోనా

"ఈ వయసుల గంత కిందికి మెడ ఎందుకే నీకు? ఎవరు చూస్తరు?"

"చూసేటోడు చూస్తడు. నువ్వు సచ్చినంక సుత గదే మెడ తొడుగుత. నోరు మూసుకొని కత్తెర వెట్టు, పో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. ఆయన ఆడవాళ్ల దర్జీ. బోయిగూడలో పైన ఇల్లు, కింద దుకాణం. నా మామిడిపండు రంగు పట్టుగుడ్డను భుజాన వేసుకుని, నవ్వుకుంటూ మెట్లు దిగాడు. నేను గిన్నెలు తోముకుని చాయ్ పట్టుకుని దిగేసరికి మిషను మీద తల పెట్టి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని "లే, చాయ్ సల్లారుతది" అని కూడా అన్నాను. అయితే దానికి ఆయన జవాబు చెప్పలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

మనవాళ్లకు ఒక అలవాటుంది. శవం ఇంకా ఇంట్లో ఉండగానే "ఆఖరికి ఏమన్నడమ్మా?" అని అడుగుతారు, సినిమా కథ అడిగినట్టు. నేనేం చెప్పాలి? జాకెట్టు మెడ దగ్గర కొట్లాడుకున్నాం అని చెప్పాలా? "రామా అన్నడు" అని చెప్పేశాను. మా ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, ఆ రామనామాన్ని బన్సీలాల్‌పేట అంతా ప్రసాదంలా పంచిపెట్టింది. దినాలు అయ్యేసరికి మా ఆయన చేతులు జోడించి మరీ అన్నట్టయింది. బతికున్నప్పుడు సూదిలోకి దారం ఎక్కకపోతే తప్ప దేవుడి పేరెత్తని మనిషి. అప్పుడు కూడా తిట్టడానికే.

నేను చెబుతుంటే ఇదంతా మా తమ్ముడి కూతురు కంప్యూటర్లో కొడుతోంది. నాకు అక్షరాలు బస్సు బోర్డు పోల్చుకునేంత వచ్చు. అంకెలు టేపు చూసేంత వచ్చు. నేను "వస్తున్న" అంటే అది "వస్తున్నాను" అని కొడుతుందట, పుస్తకంలో అట్లాగే ఉండాలట. ఉండనీ. చీర మారిస్తే మనిషి మారిపోదు కదా.

ఈ పిల్ల నా దగ్గరే ఉంటుంది. మా ఇల్లు స్టేషనుకు దగ్గర. పొద్దున్నే లోకల్ రైలెక్కి, వెబ్‌సైట్లు తయారు చేసే ఆఫీసుకు పోతుంది. ఆయన పోయిన ఏడాది, ఒక కంపెనీ వీళ్ల ఆఫీసుకు పని ఇచ్చింది. ఆ కంపెనీవాళ్లు ఇంటికే వచ్చి గుడ్డ తీసుకుపోయి, జాకెట్టు కుట్టి మళ్లీ ఇంటికే తెచ్చిస్తారు. దానికి వెబ్‌సైట్ కావాలి. దర్జీ పెళ్లాం ఇంట్లోనే ఉంది కదా అని పిల్ల నా మీద పడింది.

"అత్తా, నిన్ను పర్సోనా చేస్తున్న."

"పర్సోం ఆనా? గా మాట చెప్పి చెప్పే మీ మామ సచ్చిండు. మళ్ల నువ్వు షురూ చేసినవా?"

పర్సోం ఆనా అంటే ఉర్దూలో ఎల్లుండి రమ్మని. సికింద్రాబాద్‌లో దర్జీ అన్నవాడికి సూది పట్టడం కంటే ముందు ఈ మాట వస్తుంది. గిరాకీ ఎల్లుండి వస్తే, మళ్లీ ఎల్లుండి.

పిల్ల నవ్వి, మంచం మీద నా పక్కన కూర్చుంది. "పర్సోం కాదు, పర్సోనా. సైటు వాడేటోళ్లు ఎంతోమంది ఉంటరు అత్తా. అందర్ని మనసుల పెట్టుకొని చేస్తే ఎవ్వరికీ నప్పదు. గందుకే నిజం మనుషులను అడిగి, ఒక మనిషిని తయారు చేస్తం. పేరు, వయసు, ఏం ఇష్టం, ఏం తక్లీఫ్, అన్నీ ఒక కార్డు మీద రాసి గోడకు పెడ్తం. ఏ పని చేసినా 'ఈమెకు నచ్చుతదా' అని ఆ కార్డునే అడుగుతం."

"అంటే ఆది జాకెట్."

"ఆఁ?"

"మనిషి ముందట లేకుంటే, ఆమె పాత జాకెట్ పెట్టుకొని కొలత తీస్తం కదనే. గదే ఆది. గీ కార్డు సుత గంతే కదా?"

"వారెవా అత్తా!" అని ఎగిరి గంతేసింది. ఈ మాట ఆఫీసులో తన మాటగా చెప్పుకుంటుందని నాకు అప్పుడే తెలుసు. చెప్పుకుంది కూడా. ఏందే, కొట్టుడు ఆపినవ్? నిజమే కదా, కొట్టు.

ఆదితో ఒక చిక్కు ఉంది. కొందరు ఆడవాళ్లు తమ పెళ్లినాటి జాకెట్టు పట్టుకొచ్చి, "గిదే కొలత, గిట్లనే కుట్టు" అంటారు. మా ఆయన ఒకసారి మనిషిని, ఒకసారి జాకెట్టును చూసి, "గిది మీ చెల్లెదా అమ్మా?" అని అడిగేవాడు. ఆమె ముసిముసిగా నవ్వేది. ఆ నవ్వులోనే నేను టేపు పట్టుకుని కొత్త కొలత తీసేసేదాన్ని. ఇన్నేళ్లు ఆ దుకాణంలో హుక్కులు, కాజాలు కుట్టిన నేను, పిల్ల నన్ను అడిగినప్పుడు ఏం చేశాను? నేనూ ఒక పాత జాకెట్టే తీసిచ్చాను. అది కూడా నాది కాదు.

ఎందుకంటే ఆ రోజు మా ఆడబిడ్డ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏం రంగులు ఇష్టం అత్తా?"

"ఇప్పుడు నాకెందుకు బిడ్డా రంగులు."

ఆడబిడ్డ తల ఊపింది.

"మెడ ఎట్లుండాలె?"

"నిండ మూసి ఉండాలె."

మళ్లీ ఊపింది.

"ఫోన్ల ఏం చూస్తవ్?"

"భజనలు."

ఈసారి కళ్లు కూడా మూసుకుంది. నేను ఫోన్లో చూసేది అత్తాకోడళ్లు కొప్పులు పట్టుకుని కొట్టుకునే వీడియోలు. రాత్రి నా గదిలోంచి వచ్చే కేకలు భజనలు కావని ఈ పిల్లకూ తెలుసు. అయినా నోరు మెదపకుండా రాసుకుంది. పెద్దవాళ్ల ముందు నన్ను పట్టివ్వకూడదని అనుకుందేమో.

కొన్ని నెలలు పోయాయి. ఒక ఆదివారం ఫోను నా చేతిలో పెట్టింది. "సైటు తయారైంది. ఇంకా బయటికి ఇడవలే. నువ్వే ఆర్డర్ పెట్టు అత్తా, ఏడ ఆగుతవో చూస్త." వయసు అడిగింది. అరవై అంకె నేను గుర్తుపడతాను, దాన్ని నొక్కాను. తెర నిండా జాకెట్లు వచ్చాయి. బూడిద రంగు, మజ్జిగ రంగు, వానకు తడిసిన అట్టపెట్టె రంగు. అన్నిటికీ గొంతు దాకా మెడ, మోచేతి దాకా చేతులు. పైన ఏదో రాసి ఉంది. ఏమిటని అడిగితే "ప్రశాంతం" అని చదివింది.

"ఏందే గిది? సావుకు పోయేటోళ్ల దుకాణమా?"

"నువ్వు చెప్పిందే కదా అత్తా."

"నేనెప్పుడు చెప్పిన?"

ఫోన్లోనే ఆ కార్డు తీసి చూపించింది. ఎవరో తెల్లజుట్టు ముసలావిడ, కిటికీలోంచి ఎటో చూస్తోంది, గ్యాసు బండి ఇంకా రాలేదన్నట్టు. బొమ్మ కింద ఒక వాక్యం ఉంది. ప్రతి కార్డు మీదా ఆ మనిషి నోటి మాట ఒకటి పెట్టాలట.

"ఏం రాసి ఉందో చదువు."

"'ఇప్పుడు నాకెందుకు రంగులు.' ఫొటో వేరేటోళ్లది అత్తా. మాట నీదే."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆడబిడ్డకు భయపడి నేను ఆడిన ఒక్క మాటకు, నా వయసు ఆడవాళ్లందరి మెడలూ మూసుకుపోయాయి. దుకాణంలో అయితే "గిది కాదు, గది చూపెట్టు" అనొచ్చు. ఇక్కడ చూపెట్టడానికే ఏమీ లేదు.

"తీసెయ్యే. ఆ ముసల్దాన్ని గోడ మీదికెల్లి దించు."

"గట్లెట్ల దించుతరు అత్తా? మా సార్లు ఒప్పుకున్నరు. ఇప్పుడు మార్చాలంటే కారణం అడుగుతరు."

"మా ఆడబిడ్డ ముందట కూసుంది, గందుకే అబద్ధం చెప్పిన అను."

పిల్ల నవ్వలేదు. కాసేపు గోళ్లు కొరుక్కుని, "ఆమె ముందట అడుగుడే నాది తప్పు అత్తా. ఒక్కదాన్ని కూసోబెట్టి అడగాలె" అంది. తర్వాత పుస్తకం పట్టుకుని ఎదురింటావిడ దగ్గరికి ఒక్కతే పోయింది. ఆవిడ నాకంటే పెద్దది, గొంతు కింద వేలెడు సందు కూడా కనపడనివ్వదు. ఇన్నేళ్లుగా ఆమె జాకెట్లకు హుక్కులు కుట్టింది నేనే. పిల్ల తిరిగొచ్చి నా చెవిలో చెప్పింది. "వీపు మీద తాళ్లు కావాల్నంట. తాళ్లకు లట్కన్లు కావాల్నంట. నడిస్తే ఊగాలెనంట." నేను నీళ్లు తాగుతున్నదాన్ని, అవి ముక్కులోంచి వచ్చాయి.

ఆ పొద్దే పిల్ల కొత్త కార్డు మొదలుపెట్టింది. ఈసారి తలుపేసి, ఇద్దరమే కూర్చున్నాం. నేను పెట్టెలోంచి మామిడిపండు రంగు గుడ్డ తీసి దాని ముందు పరిచాను. ఆయన తల కింద ఉన్న గుడ్డ అది. భుజాలు గీశాడు, చంక గీశాడు. మెడ దగ్గర సుద్దతో రెండు గీతలు గీశాడు. పై గీత ఆయన మాట, కింది గీత నా మాట. కత్తెర దేనికీ పెట్టలేదు. ఏ గీత మీద కోసేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను సతాయించడానికి పైదాని మీదే కోసేవాడేమో, చెప్పలేం.

అప్పుడే ఆ ఆఖరి మాటలు మొదటిసారి బయటపెట్టాను. పిల్ల నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకుంది.

"గదే రాయి కార్డు మీద," అన్నాను. "'సచ్చినంక సుత గదే మెడ తొడుగుత.'"

ఎక్కిళ్లు ఆగిపోయాయి. "ఆఫీసుల అందరు చూస్తరు అత్తా. 'నాకు నచ్చిన విధంగా దుస్తులు ధరించడం నా హక్కు' అని పెడితే?"

"గది నా నోటి మాటనా? ఎలక్షన్ల నిలబడ్డదాని మాట లెక్కున్నది."

"మరి నీ ఆడబిడ్డకు తెలిస్తే? రామా అన్నడని ఊరంతా చెప్పింది కదా."

మర్నాడు గుడ్డ సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి బన్సీలాల్‌పేట పోయాను. మా ఆడబిడ్డ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీస్తూ, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఇంకో నాలుగు కాయల ఈనెలు తీసి పక్కన పడేసింది.

"వాడు రామా అనడని నాకు తెల్వదా మరదలా? గుడికి తీస్కపోతే కొబ్బరిచిప్పలు ఎత్కపోయి అమ్ముకునేటోడు."

"మరి అందరికీ ఎందుకు చెప్పినవ్ వదినె?"

"నువ్వెందుకు చెప్పినవో గందుకే. తమ్ముడు పోయిండు, ఏదో ఒక మంచిమాట ఉండాలె కదా." చేతులు కొంగుకు తుడుచుకుని, సంచిలోంచి గుడ్డ తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. కింది గీత మీద వేలు పెట్టింది. "గింత కిందికా?"

"గంతే."

"సిగ్గు లేదే నీకు."

"లేదు వదినె."

"నేనైతే చెప్పిన మాట ఎనక్కి తీసుకోను. రాముడు నా దిక్కు ఉండనీ. నీ మెడ నీ దిక్కు పెట్టుకో." అని మళ్లీ చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. కానీ గుడ్డను నా సంచిలో పెట్టేటప్పుడు మడత చెడకుండా పెట్టింది. అది నేను చూశాను.

రేపు పిల్ల కొత్త కార్డు ఆఫీసుకు తీసుకుపోతోంది. వాళ్ల సార్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకుంటే, ఆ సైటులోనే నా మామిడిపండు గుడ్డ ఇస్తాను, కింది గీత మీద కొయ్యమని. వాళ్లూ పర్సోం ఆనా అనే అంటారు, అననీ.

కార్డు మీద ఒక్క వాక్యానికే చోటు ఉందట. అందుకే మిగతాది ఇట్లా చెప్పి రాయిస్తున్నాను. కానీ నాకు ఒక అనుమానం ఉంది. మొదటిసారి నా పేరు మీద ఏం రాశారో నాకు ఎవరూ చదివి వినిపించలేదు, నేనూ అడగలేదు. నెలల తరబడి ఆ ముసలావిడ నా మాట పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఈ పిల్ల మంచిదే. కానీ మర్యాద ఎక్కువ. సందు దొరికితే "సచ్చినంక"ను "మరణించిన తరువాత" చేసేస్తుంది.

ఏందే, గట్ల దిక్కులు చూస్తవ్? మార్చినవా? కార్డు మీద ఏం పెట్టినవో ముందు గది చదువు. అటెన్క గిదంత మొదటికెల్లి చదువు. జెర గట్టిగ, ఎదురింటామెకు సుత వినపడాలె.