గడువు దాటిన అధికార పత్రం

అందరూ ఆమెను పెళ్ళిళ్ళ మేడమ్ అనేవారు. రిజిస్ట్రారు ఆఫీసులో పంతొమ్మిదేళ్ళుగా జంటల చేత ప్రమాణం చేయించి, పెళ్ళి జరిగినట్టు ప్రకటించేది ఆమే. ఆ పని ఎవరుపడితే వాళ్ళు చేస్తే చట్టం ఒప్పుకోదు. పేరు మీద అధికార పత్రం ఉండాలి. మూడేళ్ళకోసారి దాన్ని పొడిగించుకోవాలి.

ఒక సోమవారం బీరువా సర్దుతుంటే ఆ పత్రం చేతికొచ్చింది. అడుగున తేదీ చూసి కళ్ళు నులుముకుంది. గడువు తీరి నాలుగు నెలలైంది. గబగబా రిజిస్టరు తిరగేసింది. ఆ తర్వాత ముప్పై ఒక్క పెళ్ళిళ్ళు చేసింది. వాటిలో ఒకటి సొంత అక్క కూతురిది.

పత్రాన్ని ఫైళ్ళ కింద దాచేసింది. ఆ సాయంత్రమే అక్క కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, మూడో నెలట! అమ్మకన్నా ముందు నీకే చెప్తున్నా."

"ఒంట్లో బాగుందా తల్లీ?" అంది. జవాబు విని వెంటనే ఫోన్ పెట్టేసింది. పెళ్ళే చెల్లదంటే పుట్టబోయే బిడ్డ గతేమిటి?

రెండు రోజులు ముద్ద దిగలేదు. గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా తన కోసమే వచ్చారేమోనని చెమటలు పట్టేవి. గురువారం ఒక జంట వచ్చి బల్ల ముందు నిలబడింది. అబ్బాయి మాటిమాటికీ కాలరు సర్దుకుంటున్నాడు.

"ఇంక మొదలుపెట్టండి మేడమ్," అంది అమ్మాయి నవ్వుతూ.

ఆమె తెరిచిన రిజిస్టరు మళ్ళీ మూసేసింది.

"మీ పెళ్ళి చేసే అధికారం నాకు లేదమ్మా. కాస్త కూర్చోండి, సారు చేస్తారు."

పత్రం తీసుకెళ్ళి రిజిస్ట్రారు ముందు పెట్టింది. ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"కొంప ముంచావు కదమ్మా!"

"జైల్లో పెడతారా సార్?"

"ముందు ఆ జంటల సంగతేమిటో తెలియనీ."

న్యాయ విభాగం నుంచి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె అక్క కూతురి వీధి తప్పించి, చుట్టూ తిరిగి ఇంటికి చేరేది.

ఆమెకు అధికారం ఉందని నమ్మి చేసుకున్నారు కాబట్టి ఆ పెళ్ళిళ్ళన్నీ చెల్లుతాయట. తప్పు జంటలది కాదు, ఆమెది. జైలు లేదు గానీ, ఇకమీదట పెళ్ళిళ్ళు చేయించకూడదు. పాత రికార్డుల గదికి మార్చారు.

ఆ రోజే అక్క కూతురి ఇంటికి వెళ్ళి అంతా చెప్పేసింది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"భయమేసిందే."

"ఒక్కదానివే భయపడితే తగ్గిందా?" అని విసుక్కుని, పిన్ని కోసం కుర్చీ ముందుకు లాగింది.

పిన్ని చెంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది.