అమీనాబీ మిరప కోత

జగ్గయ్యపేట దగ్గర మా చిల్లకల్లులో అమీనాబీ కుట్టిన జాకెట్టుకు వంక పెట్టినవాళ్ళు లేరు. అలాంటి మనిషి యాభై రెండేళ్ళ వయసులో కుట్టుమిషను మీద గుడ్డ కప్పి మిరపకాయల కోతకు బయలుదేరింది. కూలి కోసం కాదు, కొడుకు ఆటో ఖాళీగా పోకూడదని.

కొడుకు ఐజాజ్‌కు ఇరవై నాలుగేళ్ళు. కోతల కాలంలో కూలీల మేస్త్రి రత్తమ్మ ముఠాలోని పన్నెండు మంది ఆడవాళ్ళను నందిగామ వైపు చేలకు తీసుకెళ్ళేవాడు. కిందటేడు తాగి నడిపి ఆటోను రోడ్డు పక్క గుంటలో పడేశాడు. ప్రాణాలైతే పోలేదు గానీ రత్తమ్మ చెయ్యి విరిగింది. ఆ తర్వాత విజయవాడలో తాగుడు మాన్పించే కేంద్రంలో మూడు నెలలుండి వచ్చాడు.

వచ్చాక వాణ్ణి ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. తిట్టినా వాడి మనసు కాస్త తేలికపడేది. "బాగున్నావా" అంటారు, ఆటో మాత్రం ఎక్కరు. ముఠా రోజూ వాడి పక్కనుంచే నడిచి వేరే ఆటో ఎక్కేది. నాలుగో రోజు వాడు తాళం తల్లి చేతిలో పెట్టాడు.

"అమ్మేద్దాం అమ్మా. కానీ ఇంట్లో కూర్చుంటే మళ్ళీ అటే పోతానేమో. భయమేస్తోంది."

మర్నాడు అమీనాబీ క్యారేజీ కట్టుకుని ఆటోలో కూర్చుంది. "పద. నేనూ కోతకే."

పదకొండు రోజులు ఆ ఆటో ఒక్క మనిషితో ముఠా వెనకాలే వెళ్ళింది. సూది పట్టిన చేతికి కాయ లొంగలేదు. తుంచబోతే కొమ్మే ఊడి వచ్చేది. కారం చేత్తో కళ్ళు తుడుచుకుని మధ్యాహ్నమంతా ఏడ్చేది. కారానికేనని చెప్పేది.

పన్నెండో రోజు పొద్దున రత్తమ్మ ఆటోకు అడ్డంగా నిలబడింది.

"దిగు అమీనాబీ. నువ్వు కోసే కాయలకంటే విరిచే కొమ్మలెక్కువ. రైతు నన్ను తిడుతున్నాడు."

"నేను దిగితే వీడి ఆటో ఎవరెక్కుతారు?"

"మేం చచ్చామా ఏంటి?" అంటూ రత్తమ్మ ఐజాజ్ మొహం దగ్గరికి వంగింది. "ఏదీ, ఊదు."

ఊదాడు. పేస్టు వాసన తప్ప ఏమీ లేదు. సిగ్గుతో చితికిపోయినా తల తిప్పుకోలేదు.

"రోజూ ఊదాలి."

"ఊదుతా అత్తా. ఎప్పుడన్నా నా వల్ల కాకపోతే ముందే చెప్తా. ఆ రోజు ఎక్కొద్దు."

రత్తమ్మ తన క్యారేజీ ఆటోలో పెట్టింది.

"ఎక్కంలే. ఆ రోజు కోత మానేసి పన్నెండు మందిమీ మీ ఇంటికొచ్చి కూర్చుంటాం. మమ్మల్ని దాటుకుని ఎట్టా పోతావో చూస్తాం."

అప్పుడు దిగింది అమీనాబీ.