పద్నాలుగు కాపీలు

ఆఫీసులో ఆయన్ని అందరూ జోస్యం గారనేవారు. పత్రిక ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంప్యూటర్లు మొరాయిస్తే దారికి తేవడం ఆయన ఉద్యోగం. దానికి తోకలా ఇరవై ఆరేళ్ళపాటు ఆదివారం పేజీలో ఓ కాలమ్ రాశాడు. మార్కెట్లోకి వచ్చిన కొత్త యంత్రాల కబుర్లు, గదంత కంప్యూటర్లున్న రోజుల ముచ్చట్లు, రాబోయే కాలం గురించి తనకు తోచిన మాటా అందులో ఉండేవి. ‘ఫోన్లో కెమెరా పెట్టడం దువ్వెనలో రేడియో పెట్టడం లాంటిది, ఏడాది తిరక్కుండా మాయమవుతుంది’ అని ఒకసారి రాశాడు. ఆ పేరు ఆ వాక్యం సంపాదించిపెట్టిందే.

కాలమ్ అడుగున ఒక బుల్లి కథ ఉండేది. చంద్రుడి మీద పోస్టాఫీసు, ఏడవడం నేర్చుకోవడానికి ట్యూషన్‌కి వెళ్ళే మరమనిషి, అలాంటివి. పాఠకులు పై భాగం వదిలేసి ముందు అది చదివేవారు. ఈ సంగతి ఆయనకు తెలుసు, కాస్త గుచ్చుకునేది కూడా. ఎందుకంటే అది రాసేది ఆయన కాదు, అక్క. ఆవిడ కరెంటు బిల్లుల ఆఫీసులో, కంప్యూటర్ చదువుకునే అట్టముక్కలకు చిల్లులు పెట్టే ఉద్యోగం చేసేది. పనికిరాని అట్టల వెనక కథ రాసి తమ్ముడి చేతిలో పెట్టేది. పేరు వేస్తానన్నా ఒప్పుకోలేదు. “పేరేస్తే మా ఆఫీసర్ అట్టల లెక్క అడుగుతాడ్రా” అనేది.

ఇప్పుడు ఇద్దరూ రిటైరై ఒకే ఇంట్లో ఉంటున్నారు. అక్కకు మతిమరుపు జబ్బు పట్టుకుంది. డాక్టరు సినిమా చూపించినట్టు తలకాయ ఫోటోలు చూపించి, కొత్తవి నిలవవనీ పాతవి మాత్రం ఇంకొన్నాళ్ళు ఉంటాయనీ చెప్పాడు.

“ఎన్నాళ్ళు?” అని అడిగాడు జోస్యం.

“ఆర్నెల్లు అనుకోండి. అవి ఉన్నప్పుడే ఆవిడకి ఇష్టమైనవి చెబుతూ ఉండండి.”

“ఉద్యోగమంతా చిల్లులు పెట్టాను కదా డాక్టరు గారూ, ఇప్పుడు నాకే పెడుతున్నారు” అంది అక్క. డాక్టరు నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు.

ప్రతి ఉదయం ఆయన పేపర్లో యంత్రాల వార్తలు ఆవిడకు చదివి వినిపిస్తాడు.

“మాట్లాడే ఫ్రిజ్ వచ్చిందట అక్కా. లోపల ఏమున్నాయో అదే చెబుతుందట.”

“ఏమీ లేవని చెప్పడానికి అంత యంత్రమెందుకురా? మనింట్లో ఆ పని నువ్వు చేస్తున్నావుగా.”

అంతవరకూ బాగానే ఉంటుంది. వెంటనే అడుగుతుంది: “అది సరే, నా లిఫ్ట్ కథ చదవరా. చివర ఏం రాశానో చూడాలనుంది.”

రేపు చదువుతాననేవాడు. చదవడానికి ఏమీ లేదని చెప్పే ధైర్యం లేదు.

నిజానికి కథ ఉంది. పద్నాలుగు కాపీలున్నాయి. ఫ్లాపీల్లో, సీడీల్లో, పెన్ డ్రైవుల్లో, చెల్లెలి కూతురి కంప్యూటర్లో, ఆఖరికి బియ్యం డబ్బా పక్కన టిఫిన్ బాక్సులో కూడా. ‘కాగితం పని అయిపోయింది, కాపీ తీసిపెట్టుకోండి’ అని పాఠకులకు ఏటా హితబోధ చేసిన మనిషి. చెప్పింది తానే ముందు చెయ్యాలని పేపర్ కటింగులన్నీ, అక్క రాసిన అట్టలతో సహా, మూటకట్టి తూకానికి వేశాడు. ఫైళ్ళు పద్నాలుగు చోట్ల దాచాక పాత కంప్యూటర్ని కూడా సాగనంపాడు.

ఆ కంప్యూటర్ వెనక, ప్రింటర్ తీగ బిగించే చోట, సగం అగ్గిపెట్టంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంది. అక్షరాల సాఫ్ట్‌వేర్‌కి అది తాళం. అది ఉంటేనే తెరమీద మన అక్షరాలు కనిపిస్తాయి. లేకపోతే టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నక్షత్రాలు. ఊళ్ళో అందరి తాళాలూ బాగుచేసిన మనిషి, తన తాళం పీకకుండా యంత్రాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు.

పాత సామాన్ల షెడ్డుకి నాలుగు రోజులు తిరిగాడు. నడుమెత్తు కీబోర్డుల గుట్టల్లో చేతులు పెట్టి వెతికాడు.

“తాళమా? ఏ తాళం సార్? ఇక్కడ తలుపే లేదు” అన్నాడు షెడ్డువాడు.

సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ప్రెస్సులో కూడా ఆ కాలపు కంప్యూటర్లు ఒక్కటీ మిగల్లేదు. చెల్లెలి కూతురు ఇంటర్నెట్‌లో దొరికిన మార్పిడి పరికరాలన్నీ ప్రయత్నించింది. “మీ ప్రెస్సు కోసం ఎవరో ఈ ఫాంట్‌ని ప్రత్యేకంగా కెలికారు మామయ్యా, ఏదీ పనిచెయ్యట్లేదు” అంది. ఆ కెలికిన వేళ్ళు మామయ్యవే.

ఇక మిగిలింది పత్రికాఫీసు లైబ్రరీ. లైబ్రేరియన్ ఆయన పేరు వినగానే లేచి నిలబడి కుర్చీ వేసింది. బైండు చేసిన పాత సంపుటాలు అడిగితే మాత్రం ఇబ్బందిగా చూసింది.

“అవి బిల్డింగు మారినప్పుడు తీసేశారండీ.”

“ఎవరు తియ్యమన్నారమ్మా? బుద్ధున్నవాడు చేసే పనేనా?”

ఆ అమ్మాయి ఫైలు తీసి ఒక కాగితం ముందు పెట్టింది. ‘ప్రతులన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉన్నందున సంపుటాలు నిలవ ఉంచడం స్థలం దండగ’ అని ఆఫీసు నోటు. కింద సంతకం ఆయనదే. ఆయన ఆ సంతకాన్ని చాలాసేపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మంచినీళ్ళడిగాడు.

అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. అక్క గ్యాస్ వెలిగించి మరిచిపోతోంది. చెల్లెలి పేరు తడుముకుంటోంది. లిఫ్ట్ కథ మాత్రం అడుగుతూనే ఉంది, కొన్ని రోజులు తనే చెబుతోంది కూడా. దాంతో ఆయనకు ఒక దారి తట్టింది. పిచ్చిగుర్తుల ఫైలు ప్రింటు తీసి ఎదురుగా పెట్టుకున్నాడు. అక్క ఒక్కో వాక్యం చెబుతుంటే పైన రాసుకుని, కింద గుర్తులతో జతకలపడం మొదలుపెట్టాడు. ఈ గుర్తు తలకట్టు, ఇది కొమ్ము, ఇది ‘ల’ కింద ఒత్తు.

“చంద్రుడి దాకా వెళ్ళే లిఫ్ట్‌లో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కే ఆడమనిషి ఒకావిడుంది” అని మొదలుపెట్టేది అక్క. “పైకి మూడు నెలలు, కిందకి మూడు నెలలు. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు. ఆవిడ మాత్రం ఎప్పుడూ దిగలేదు.”

గుర్తులు సరిపోతున్నాయి. రోజుకు పది గుర్తులు తేలాయి, తర్వాత పదిహేను. నాలుగోవారానికి కథ చివరికొచ్చారు.

“ఒకరోజు పైన తలుపు తెరుచుకుంది. ఆవిడ స్టూలు మీంచి లేచి లిఫ్ట్ దిగింది. బయట నిలబడి లోపలున్నవాళ్ళని చూసి...”

“కాదక్కా.”

“ఏంట్రా కాదు?”

“దిగదు. ఇక్కడంత చోటు లేదు. ‘తలుపు తెరుచుకుంది’ తర్వాత ఇంకో ఏడెనిమిది మాటలే ఉన్నాయి.”

“రాసింది నేనా, నువ్వా? దిగింది.”

“నువ్వు మర్చిపోతున్నావక్కా! ఉన్నది చెప్పు, లేనిపోనివి కల్పించకు. అక్షరాలన్నీ కలగాపులగం అవుతున్నాయి!”

అరిచాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత లేవడం అదే మొదలు. ఆవిడ చెప్పిన ఆఖరి వాక్యాల మీద నల్లపెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. అక్క లేచి సింకు దగ్గరికి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. మర్నాడు కథ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు.

ఆయన పట్టు వదల్లేదు. మొదటి వరుస నుంచి మళ్ళీ సరిచూస్తూ, తేలిన గుర్తులతో తేలనివి ఊహిస్తూ, తప్పులు చెరుపుతూ మూడు వారాలు ఒక్కడే కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఆఖరి వరుస మిగిలింది. అదే ముగింపనుకున్నాడు. గుర్తుకు గుర్తు కలుపుకుంటూ అక్షరాలు పేర్చాడు.

‘యాడ్ వచ్చింది. కింది ఏడు లైన్లు తీసేశాను. అచ్చుకి వదలండి.’

పేజీ పెట్టేవాడి కోసం తను రాసిన చీటీ. కోత ఎప్పుడూ కింది నుంచి కోయడమే పత్రికలో అలవాటు. కోసింది తనే, కోశాక సేవ్ చేసిందీ తనే. పద్నాలుగు చోట్లా దాచింది ఆ కోసిన దాన్నే. ఆ కథ అచ్చయిన వారం అక్క మూడు రోజులు తనతో మాట్లాడలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఎందుకని ఆయన అప్పుడు అడగలేదు. అక్క మర్చిపోలేదు. మర్చిపోయింది తను.

కొట్టేసిన కాగితం తీసి వెలుతురుకు ఎదురుగా పట్టాడు. నల్లగీత కింద ‘చూసి’ దాకా కనబడింది. అక్కడితో ఆగింది. ఆపింది తనే.

పక్కగదిలోకి వెళ్ళాడు. అక్క మంచం మీద కూర్చుని దుప్పటి అంచులు కలిపి మడతపెడుతోంది, విప్పుతోంది.

“అక్కా, ఆవిడ లిఫ్ట్ దిగింది. నువ్వు చెప్పిందే రైటు. బయట నిలబడి, లోపలున్నవాళ్ళని చూసి ఏం చేసింది?”

“ఎవరు?”

“లిఫ్ట్ ఆవిడ. స్టూలు మీద కూర్చునే ఆవిడ.”

అక్క మర్యాదగా ఆలోచించింది. “నాకు తెలిసినావిడేనా?”

ఆయన కింద కూర్చున్నాడు. చంద్రుడి దాకా వెళ్ళే లిఫ్ట్‌లో ఒకావిడ ఉందని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మాట మార్చకుండా, అక్క చెప్పినట్టే. అక్క మడతలు ఆపి వింది. తలుపు తెరుచుకుంది, ఆవిడ దిగింది, బయట నిలబడింది, లోపలున్నవాళ్ళని చూసింది. అక్కడ ఆగి అక్క పెదవుల వైపు చూశాడు.

అక్క కూడా ఆయన వైపే చూస్తోంది.

“ఆగారేమండీ?” అంది. “బాగుంది, చెప్పండి. తర్వాత ఏమైంది?”