లచ్చన్న కాక వంతు

గాలి సోకింది, దయ్యం బట్టింది అంటే నేను ఎన్నడూ నమ్మలే. ఎవరన్న చెప్తే నవ్వేదాన్ని. ఇప్పుడు చెప్పేది గూడ నమ్మి చెప్తలేను. కండ్లతోని సూసిన గనుక చెప్తున్న.

మాది నకిరేకల్ దిక్కు ఊరు. మా బాపు తాళ్లెక్కి కల్లు గీసేటోడు. బాపు, ఆయన దోస్తు లచ్చన్న కాక కలిసి ఫౌజుల చేరి బర్మా లడాయికి పోయిండ్రు. బాపు ఒక్కడే వచ్చిండు.

వచ్చిండు గని, మునుపటి మనిషి కాదు. చెట్టెక్కే మోకు తాడును కొయ్యకు తగిలేసి, మళ్ల ముట్టలే. లచ్చన్న ఎట్ల పోయిండో ఒక్క ముక్క చెప్పలే. కాక పెండ్లాం సత్తెమ్మ చిన్నమ్మ ఎదురొస్తే తొవ్వ మార్చేటోడు.

తాటిగెలను రోజూ గీయాలె. మూడు దినాలు కత్తి తగలకపోతే ఎండిపోతది, ఇగ ఆ ఏడు కల్లు రాదు. మాకున్నయి ఐదు తాళ్లు. మాకు అదే బువ్వ. తోటి గీతగాళ్లు బాపును ఏమీ అడగలే. తలా ఒక వారం వంతు పెట్టుకొని మా తాళ్లు గీసిండ్రు. బాపును ఇంట్ల కూసోనియ్యలే. పొద్దుగాల్నే తాటివనంలకు తీస్కపోయి, "అన్నా, జర కత్తులు నూరు, నీ చెయ్యి పడితెనే పదును" అనేటోళ్లు. సత్తెమ్మ చిన్నమ్మ జొన్న గటక దెచ్చి ఆయన పక్కన పెట్టి పోయేది.

ఎండకాలంల, ఆ గీతగాళ్లల్ల ఒకడు మల్లయ్య మామ, లగ్గానికి పోయిండు. తన వంతు నర్సయ్య మామ సూస్తడనుకున్నడు. నర్సయ్య మామేమో, మల్లయ్య పోలేదనుకున్నడు. నాలుగో దినం పొద్దుగాల సంగతి తెలిసి ఇద్దరూ లబలబలాడుకుంట ఉరికిండ్రు. నేను గూడ వెంట పోయిన. బాపు అక్కడనే కూసొని కత్తి నూరుతున్నడు.

మల్లయ్య మామ ఒక్కొక్క చెట్టూ ఎక్కి సూసిండు. ఐదు తాళ్లకూ కట్టిన లొట్టి కుండలు కల్లుతోని నిండి ఉన్నయి. గెలల మీద గీత పచ్చిగ ఉన్నది.

"నర్సిగా, ఇది ఎడమచేతి గీతరా" అన్నడు ఆఖరి చెట్టు పైనుంచి.

మా వనంల ఎడమచేత్తో గీసింది లచ్చన్న కాక ఒక్కడే. బాపుది కుడిచెయ్యి. ఇంటికి పోయి సూసిన. బాపు మోకు కొయ్యకే ఉన్నది, దాని మీద సాలెగూడు గూడ చెదరలే.

నేను మళ్ల వనంలకు వచ్చేసరికి బాపు కత్తి కింద పెట్టి ఏడుస్తున్నడు. లడాయి నుంచి వచ్చినంక ఆయన ఏడ్చుడు అదే మొదలు. గటక దెచ్చిన చిన్నమ్మ ముందటనే అంతా చెప్పిండు. కాకకు కాలుకు తుపాకి గుండు తగిలిందట. "నువ్వు నడువు అన్నా, నేనొస్త" అన్నడట. "నేను నడిచిన" అని బాపు తల కొట్టుకున్నడు.

చిన్నమ్మ ఆయన చెయ్యి పట్టుకొని ఆపింది. "వస్తనన్నడు గద బావా, వచ్చిండు. ఆయన వంతు ఆయన గీసిండు. ఇగ నీ వంతు" అన్నది.

తెల్లారి బాపు మోకు దించిండు. నడుముకు కట్టుకొని చెట్టెక్కిండు. కింద గీతగాళ్లందరు నిలబడ్డరు.

ఆ మూడు దినాలు ఎవరు గీసిండ్రో నాకు ఇయ్యాల్టికీ తెల్వది. పక్కూర్లల్ల గూడ అడిగినం, ఎడమచేతోడు దొరకలే.

మా దిక్కు చెట్టు మీద ఎవరన్న ఉన్నరేమోనని, ఎక్కే ముందు కేకేసి అడుగుతరు. బాపు బతికినన్ని దినాలు ఒక్కటే అడిగిండు: "లచ్చిగా, దిగినవారా?"

అడిగి, జరసేపు ఆగి, అప్పుడు ఎక్కేటోడు. నమ్మని నేను గూడ ఆయన పక్కన గంతసేపు ఆగేదాన్ని.