వట్టి షూలో బొట్టు

పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం మా మామగారు కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయారు. చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా పెళ్లి ఫోటోలు తీసిన మనిషి. మీ ఇంటి గోడమీద ఉన్న పెళ్లి ఫోటో ఆయన తీసినదే కావచ్చు. ఆయన గురించి ఒక మాట ఊళ్లో తప్పుగా నిలిచిపోయింది. దాన్ని సరిచేయాలనే ఇది రాస్తున్నాను.

సామాను పేర్లు తప్పుగా అంటే ఆయన ఊరుకునేవారు కాదు. కెమెరా నెత్తిమీద ఫ్లాష్ దూర్చే గాడిని ఎవరైనా క్లిప్పు అంటే, "క్లిప్పు జడకు పెట్టుకునేదబ్బా. దీన్ని షూ అంటారు" అనేవారు. స్టాండుకు కెమెరాను బిగించేది పావంగుళం మర, కెమెరా అడుగున ఉండే పలక పాదం. "తాళి కట్టేటప్పుడు చెయ్యి సాపితే సరైంది చేతికి రావల్ల. పేరు తెలిస్తే కదా వచ్చేది" అనేవారు. ఆ పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ వస్తువు, ఎన్ని, ఏ సంచిలో ఉంది అని. ఆ పుస్తకం నా పొరపాటుతోనే మొదలైంది.

నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడాది ఆయుధ పూజ నాడు అత్త పసుపు, కుంకుమ నా చేతికిచ్చి, స్టూడియో సామాన్లన్నిటికీ నన్నే బొట్లు పెట్టమన్నారు. వరుసగా పెట్టుకుంటూ వచ్చి కెమెరా దగ్గర ఆగాను. ఫ్లాష్ తీస్తే దాని కింద చదునుగా, నుదురులాగా చిన్న చోటు కనిపించింది. తడి పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ పెట్టి, ఆరాక ఫ్లాష్‌ను మళ్లీ అక్కడే దూర్చేశాను.

నాలుగు రోజులకు పక్క వీధిలో పెళ్లి. మేమూ వెళ్లాం. మొదట బాగానే వెలిగిన ఫ్లాష్, తాళి ఎత్తేసరికి ఆగిపోయింది. మామగారు రెండుసార్లు, మూడుసార్లు నొక్కారు. చివరికి వీడియో లైటు వెలుతురులో ఒకే ఒక్క ఫోటో దక్కింది. అందులో తాళి కనిపిస్తుంది, పెళ్లికూతురి ముఖం నీడలో ఉంటుంది.

పెళ్లికూతురి నాయన అందరి ముందే అడిగేశారు. "ఏమప్పా, అంతసేపూ మెరిసి మెరిసి ఇప్పుడు నిద్దర పోయిందే నీ లైటు? మళ్లా కట్టమని చెప్పేదా?"

"తప్పు నాదేనన్నా. బ్యాటరీ సూసుకోలేదు" అన్నారు మామగారు.

ఆ మధ్యాహ్నం కాఫీ తీసుకుని స్టూడియో గదిలోకి వెళ్లాను. అగ్గిపుల్లకు దూది చుట్టి ఆయన ఆ గాడిని తుడుస్తున్నారు. దూది ఎర్రగా ఉంది. నన్ను చూసి గుప్పిట మూసేశారు.

"మామా, అది నేను పెట్టిన బొట్టేనా?"

"కూర్సో మా. పేర్లు నీకెవరూ చెప్పలేదు. చెప్పనిది నా తప్పు" అని కెమెరాను నా ముందుకు జరిపారు. "ఇది కరెంటు షూ. ఈ నడిమి సుక్కలో నుంచే ఫ్లాష్‌కు కబురు పోతాది. నీ పసుపు దానికి అడ్డం పడింది, అంతే." తర్వాత, కెమెరా పక్కన బిగించే బ్రాకెట్ తీసి దాని కొసనున్న గాడి చూపించారు. "ఇది వట్టి షూ. దీనికి సుక్క లేదు, కరెంటు లేదు. దీంతో మనకు పనే లేదు. వచ్చే ఏడు ఈడ పెట్టు బొట్టు. మీ అత్తతో మాత్రం చెప్పబాక."

నేను చెప్పలేదు. అప్పటినుంచి ఆయన సంచి తగిలించుకున్న ప్రతిసారీ అత్త గడప దగ్గర అడిగేవారు. "బ్యాటరీ పెట్టుకుంటివా?"

"లేదు, నువ్వొచ్చి పెట్టు" అని నవ్వుతూ వెళ్లిపోయేవారు. ఆ పెళ్లివాళ్లు మాత్రం రెండో కూతురి పెళ్లికి ఆయన్ను పిలవలేదు.

ఏటా ఆయుధ పూజకు ఆయనే బ్రాకెట్ తెచ్చి నా ముందు పెట్టేవారు. పాత కుంకుమ తుడవబోతే "ఉండనీ మా" అనేవారు. పనిలేని వస్తువే కదా అనుకుని పాతదాని మీదే పెట్టేదాన్ని.

మామగారు పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక ఆ పెళ్లికూతురి నాయన వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు బాగా పెద్దాయన అయ్యారు. "మంచోడు. పాపం, మా పాప పెండ్లిలోనే బ్యాటరీ మర్సిపోయినాడు" అన్నారు. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వారు. నేను మజ్జిగ గ్లాసుల పళ్లెం కింద పెట్టాను.

"బ్యాటరీ కాదు పెద్దాయనా. ఫ్లాష్ కింద బొట్టు పెట్టింది నేను. మామ తన మీద వేసుకున్నాడు."

"ఇన్నేండ్లు నాతో మాటలు పడినాడే, ఒక్క మాట చెప్పలేదే ఈ మనిషి!" అని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన నా వైపు చూసి, "అయితే మా పాప మొగం మింద సీకటి నీ కుంకుమదా మా? నేను ఆయప్పను నలుగుర్లో అనేస్తినే" అన్నారు. వెళ్లేటప్పుడు స్టూడియో గది ముందు చెప్పులు విడిచి, ఒక నిమిషం నిలబడి వెళ్లారు.

మరునాడు మా ఆయన, నేను పుస్తకం ముందు పెట్టుకుని సంచులు సర్దాం. 'బ్రాకెట్ – రెండు' అని నేనే రాసిన వరుస దగ్గర ఆయన ఆగారు. "మొదటిది బాగానే ఉండాది కదా, నాయన రెండోది ఎందుకు కొన్నట్టు?"

రెండూ తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాను. రెండోదాని షూ అంచులు అరిగి, వెండిలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్లూ ప్రతి పెళ్లిలో చిన్న లైటును అందులోకే జారుస్తూ వచ్చారు. పనే లేదన్న వట్టి షూతో ఆయనకు పని ఉండింది. మొదటిదాని గాడిలో పసుపు, కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి అంచుల దాకా నిండిపోయాయి. ఇక అందులో ఏదీ దూరదు. అడుగు పొరలు మట్టిరంగుకు తిరిగాయి. అన్నిటికంటే పైన, పోయినేడు పెట్టిన బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది.