మేకు కొట్టని ఇల్లు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో, రాజమండ్రిలోని ఒక గృహరుణాల సంస్థ శాఖలో కస్టమర్ సర్వీస్ అసిస్టెంట్‌గా చేరాను. హోదాల్లో అది అన్నిటికన్నా కింది మెట్టు. నా పైన క్రెడిట్ ఆఫీసరు, ఆయన పైన బ్రాంచి మేనేజరు. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి లైబ్రరీ సైన్స్ చదువుకుంటున్నాను. పదవీ విరమణ అనే పెద్ద మాట నా వయసుకి నప్పదు. అయినా కౌంటరుకి అవతలి వైపు ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళ కోసం ఒక సంగతి రాస్తున్నాను.

మా దగ్గర అప్పు తీసుకునేవాళ్ళు తమ స్థలం దస్తావేజులు మా దగ్గర పెడతారు. ఇంటి తాకట్టు అంటే అంతే. ఇల్లు వాళ్ళదే, ఉండేది వాళ్ళే. అప్పు తీరేదాకా ఒరిజినల్ కాగితాలు మాత్రం మా లాకరులో ఉంటాయి. నెలనెలా కట్టే వాయిదాలో మొదటి ఏళ్ళలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. పోనుపోను అసలు తగ్గి, వడ్డీ భాగం కూడా తగ్గుతుంది. గడువుకి ముందే మొత్తం కట్టేస్తానంటే క్లోజర్ స్టేట్‌మెంటు తీసి ఇవ్వాలి. ఆ రోజుకి ఇంకా ఎంత కట్టాలో చూపించే కాగితం అది. దాన్ని తీసి ఇవ్వడం నా పని. సలహా ఇవ్వడం నా పని కాదు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెగలని నాకు ఆ ఏర్పాటు బాగానే ఉండేది. ఎవరికైనా ఫోన్ చేయాల్సి ఉంటే, చెప్పాల్సిన వాక్యాలు ముందుగా డైరీలో రాసుకుని చూసి చదివేదాన్ని.

చేరిన మరుసటి ఏడాది నవంబరులో ప్రకాశరావు గారు వచ్చారు. ఎయిడెడ్ హైస్కూల్లో గుమాస్తా. కడియంలో ఇల్లు కట్టుకున్నారు. ఒక్క వాయిదా కూడా ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు వెంట భార్య రూతమ్మ గారు కూడా ఉన్నారు. ఆవిడ మొక్కల నర్సరీలో అంట్లు కట్టే ఆడవాళ్ళకి మేస్త్రీ.

“మొత్తం కట్టేస్తే ఎంతవుద్దండి?” అని అడిగారాయన.

స్టేట్‌మెంటు తీశాను. నాలుగు లక్షల చిల్లర వచ్చింది. వడ్డీ మారుతూ ఉండే రకం అప్పు కాబట్టి ముందే తీర్చినందుకు అదనపు రుసుము లేదని చెప్పాను. ఆయన మొహం వెలిగింది. డబ్బు ఎలా సర్దుతున్నారో ఆయనే చెప్పారు. ఐదు లక్షల చీటీ ఒకటి సగంలో ఉంది. ఆ నెల దాన్ని పాడేస్తారట. చాలకపోతే రూతమ్మ గారి గొలుసు కుదువ పెడతారట.

చీటీ సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. సభ్యులందరూ నెలనెలా కొంత కడతారు. ప్రతి నెలా పాట పెడతారు. ఎవరు ఎక్కువ తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే ఆ నెల డబ్బు వాళ్ళది. తగ్గించిన మొత్తాన్ని అందరూ పంచుకుంటారు. అవసరం ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ వదులుకుంటారు. పాడుకున్నాక కూడా మిగతా నెలల వాయిదాలు కడుతూనే ఉండాలి.

“ఏ మాత్రం తగ్గుతుందండి పాట?” అన్నాను. అడగకూడదు. అడిగేశాను.

“లక్ష పైన పోద్దండి. పోనీండి. కాగితాలు ఇంటికొస్తాయి కదా.”

రూతమ్మ గారు నా వైపు తిరిగారు. “అమ్మాయిగారూ, మీ కంపెనీవాళ్ళు గోడలకి మేకులు కొట్టొద్దన్నారాండి?”

నాకు అర్థం కాలేదు.

“కొట్టనివ్వరండి ఈయన. ఇల్లు మనది కాదు, పాడుచేయకూడదంటారు. కేలెండరు కిటికీ ఊచకి కట్టుకున్నాం. పెళ్ళి ఫొటో బియ్యం డబ్బా మీద ఆనించాం. పాస్టరు గారు ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన ఎప్పుడమ్మా అని అడిగి అడిగి మానేశారు. క్రిస్మస్‌కి పాటలు పాడుకుంటూ వచ్చే పిల్లలు, ఈయన లోపలికి పిలవరని, మా గుమ్మం దాటి పక్కింటికి పోతారు.”

“అప్పులో ఉన్న ఇంటిని దేవుడికెలా సమర్పిస్తామే?” అన్నారాయన తగ్గు గొంతుతో. “మనది కానిదాన్ని?”

“వచ్చే ఏడు పాప నర్సింగుకి కాకినాడ పోద్ది. ఇంట్లో నలుగురూ కూర్చుని ఓ ముద్ద తినడం అది చూడొద్దా? ఈ చీటీ పాడితే మళ్ళీ రెండేళ్ళు దాని వాయిదాలంటారు. పండగ మళ్ళీ వెనక్కే. ఆ గొలుసు తేవడానికి ఇంకో రెండేళ్ళు. మీ పెద్దరికం సంగతేమో గానీ నా మోకాళ్ళు ఆగవు.”

క్రెడిట్ ఆఫీసరు తన సీటు నుంచి మా వైపు చూశారు. స్టేట్‌మెంటు మీద స్టాంపు వేసి ఇచ్చేస్తే నా పని అయిపోయేది. కానీ లెక్క నా ఎదుటే ఉంది. వాయిదాలు మామూలుగా కట్టుకుంటూ పోతే ఆయన ఇకముందు కట్టబోయే వడ్డీ మొత్తం కలిపినా ఎనభై వేలు దాటదు. దాన్ని తప్పించుకోవడానికి లక్ష పైన వదులుకుని, గొలుసుకి నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ కూడా కట్టబోతున్నారు. ఆ మాట నెమ్మదిగా చెప్పాను.

ఆయన వెంటనే నొచ్చుకున్నారు. “అంటే, మేం కట్టేస్తే మీ కంపెనీకి వడ్డీ పోద్దని చెబుతున్నారా?”

అలా అడుగుతారని నేను అనుకోలేదు. ముందుగా రాసుకున్న వాక్యమేదీ లేదు. క్యాలిక్యులేటరు ఆయన వైపు జరిపి, “మీరే వేసి చూడండి సార్” అన్నాను. ఇరవై ఏళ్ళుగా స్కూలు జీతాల బిల్లులు చేస్తున్న మనిషి. వేశారు. చెరిపి మళ్ళీ వేశారు. తర్వాత క్యాలిక్యులేటరు వెనక్కి జరిపి, “డబ్బు లెక్క సరేనండి. కాగితాలు పరాయి చోట ఉన్నాయన్న మాట మాటే కదా” అన్నారు.

“మీ ఇంటి పన్ను పంచాయతీలో ఎవరి పేరున కడుతున్నారండి?” అని అడిగాను.

“నా పేరునే.”

“రిజిస్ట్రేషను?”

“మా ఇద్దరి పేరున.”

రూతమ్మ గారు అందుకున్నారు. “ఇల్లు వాళ్ళదైతే ఆ పన్నేదో వాళ్ళనే కట్టమనండి! కిందటేడు కారిన శ్లాబు కూడా వాళ్ళే బాగుచేయించాలి.”

క్రెడిట్ ఆఫీసరు నవ్వేశారు. ప్రకాశరావు గారు నవ్వలేదు గానీ, స్టేట్‌మెంటు మడిచి జేబులో పెట్టుకుని, ఆలోచించుకుని వస్తానన్నారు. వాళ్ళు వెళ్ళాక మేనేజరు గారు పిలిచారు. చీవాట్లు తప్పవనుకున్నాను. శాఖలో అప్పులు ముందే మూతపడితే తన టార్గెట్టు దెబ్బతింటుంది కాబట్టి తనకి అభ్యంతరం లేదనీ, ఇంకోసారి మాత్రం చెప్పే ముందు ఆఫీసరుని అడగమనీ అన్నారు.

ఆ నెల ప్రకాశరావు గారు చీటీ పాడలేదు. డిసెంబరు మొదటి వారంలో వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు మా ముగ్గురికీ ప్రతిష్ఠ ప్రార్థనకి కార్డులు ఇచ్చారు. కడియం వెళ్ళాను. గోడ మీద పెళ్ళి ఫొటో, దాని పక్కన గడియారం, ఇంకా పక్కన ఎందుకో రెండు ఖాళీ మేకులు. “మొదలెట్టాక ఆపలేకపోయారండి” అని రూతమ్మ గారు నా చెవిలో చెప్పారు. పాస్టరు గారి ప్రార్థన ముగిశాక కోడి పలావు వడ్డించారు. ఆర్భాటమేమీ లేదు. ఖర్చు ఆ నెల జీతంలోనే సర్దుకున్నారట. వాళ్ళ అమ్మాయి స్నేహితురాళ్ళతో కలిసి మెట్ల మీద కూర్చుని తింటూ ఒకటే నవ్వు. ప్రకాశరావు గారు బకెట్టు పట్టుకుని వరసల వెంట తిరుగుతూ, వద్దన్నవాళ్ళకి కూడా వడ్డించారు. నేను వద్దన్నాను. నాకూ పడింది.

రెండేళ్ళు దాటాక చీటీ చివరికొచ్చింది. అప్పటికి పాటలో పోయేది నామమాత్రం. వచ్చిన డబ్బులో సగం లోపే మా బాకీకి సరిపోయింది. మిగతాది అమ్మాయి ఫీజులకి ఉంచుకున్నారు. గొలుసు ఇల్లు దాటలేదు. కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు ఇద్దరు రుణగ్రహీతలూ సంతకం చేయాలి, లేదా ఒకరు రెండోవారి అనుమతి పత్రం తేవాలి. ప్రకాశరావు గారు అనుమతి పత్రంతో ఒక్కరే వచ్చారు. ఆ రోజు నర్సరీలో లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారనీ, ఆవిడకి కుదరలేదనీ చెప్పారు. ఒక్కో పేజీ తిప్పి చూసుకుని, సంతకం పెట్టి, దస్తావేజులు సంచిలో వేసుకున్నారు. తర్వాత గడియారం చూసుకుని, కరెంటు బిల్లు కౌంటరు ఎన్నింటిదాకా తీసి ఉంటుందని అడిగి వెళ్ళిపోయారు.

అప్పు ముందే తీర్చేస్తామని వచ్చేవాళ్ళని, “తీరాక ఏం చేద్దామనుకుంటున్నారండి?” అని అడగడం ఆయన వల్ల అలవాటైంది. చాలామంది చెప్పే పని అప్పు ఉండగానే చేసుకోదగ్గదిగా ఉండేది. తల్లిని అరకు తీసుకెళ్తానన్నవాళ్ళున్నారు, పెరట్లో రెండు మొక్కలు వేస్తానన్నవాళ్ళున్నారు. వాళ్ళకి వాయిదాల పట్టిక తీసి చూపించేదాన్ని. ఒకావిడ మాత్రం కంటినిండా నిద్రపోతానంది. ఆవిడకి ఇంకేమీ చెప్పకుండా స్టేట్‌మెంటు తీసి ఇచ్చాను.