వేప మొదట్లో ఆకు తుక్కు

అక్క పోయిన పన్నెండో రోజున దుకాణం తెరిచాను. నాది బోధన్ రోడ్డు మీద చిన్న జిరాక్స్ దుకాణం. ఎవరైనా ఆధార్ కార్డు చాపుతూ "అయ్యో, మీ అక్క పోయిందట గదా" అంటే, "అవును, పోయింది. కలర్ జిరాక్సా, బ్లాక్ అండ్ వైటా?" అని అడిగేదాన్ని. అవతలివాళ్లు మొహం మాడ్చుకునేవారు. నేను కటువుగా అనలేదు, నిజంగానే ఇంకో మాట తోచేది కాదు. ఏడుపు రాలేదు. తలుపు వేసుకుని, రావాలని కూర్చున్నా రాలేదు. చుట్టాలు నన్ను చూసి, దీని గుండె రాయి అనుకుని ఉంటారు. అనుకోనీ.

మా ఇల్లు నిజామాబాద్‌లో ఒక పాత గల్లీలో ఉంది. రెండు గదులు, ముందర వాకిలి, వాకిట్లో వేపచెట్టు. అమ్మా బాపూ తొందరగా పోతే నన్ను సాకింది అక్కే. ఆ వేప కింద ముప్పై ఏళ్లు కూర్చుని బీడీలు చుట్టింది. నా బడి ఫీజు, డిగ్రీ, దుకాణంలో మొదటి మెషీను, అన్నీ ఆమె ఒళ్లో చాట మీద నుంచి వచ్చినవే. పెళ్లి మాటెత్తితే "దీన్ని ఎవలు జూస్తరు" అని నన్ను చూపించేది. గల్లీలో ఐదారుగురు ఆడవాళ్లు కూడా తమ చాటలు తెచ్చుకుని ఆ నీడలోనే కూర్చునేవారు. ఫ్యాన్ అక్కర్లేని చోటు గల్లీలో అదొక్కటే.

బీడీ ఆకును ముందు నీళ్లలో నానబెట్టాలి. మెత్తబడ్డాక కత్తెరతో కొలతకు కత్తిరించాలి. కత్తిరించగా మిగిలిన తుక్కు, చాట దులిపితే రాలిన తంబాకు పొడి, సాయంత్రానికి వాకిలంతా పరుచుకునేవి. అక్క అదంతా ఊడ్చి వేప మొదట్లో పోసేది. ఆకు నానిన ఎర్రటి నీళ్లు కూడా బకెట్‌తో తెచ్చి ఆ కుప్ప మీదే గుమ్మరించేది. "తంబాకు ఘాటుకు చెద రాదు, ఆకు ఎరువైతది" అనేది. అక్క అన్నదంటే గల్లీలో అది చట్టం. జామ ఉన్నవాళ్లు జామకు, మునగ ఉన్నవాళ్లు మునగకు అట్లాగే పోసేవారు. ఏటేటా మట్టయిపోతూ, మళ్లీ పెరుగుతూ మా కుప్ప మోకాలి ఎత్తుకు వచ్చింది. ఆ చెట్టు నేలలోకి దిగే చోటు ఎట్లా ఉంటుందో నేను ఏనాడూ చూడలేదు.

అక్క పోయాక కూడా ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు, నేను వద్దనలేదు. వాళ్లు లేచి వెళ్లాక తుక్కు ఊడ్చి మొదట్లో పోసి, పైన నీళ్లు గుమ్మరించేదాన్ని. అన్నం తినడం మరిచిన రోజులున్నాయి గానీ ఈ పని మరిచిన రోజు లేదు. ఇందులో ప్రేమ ఉందో లేదో చెప్పలేను. చేతులు చేసుకుపోయేవి, నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది.

మరుసటి ఎండాకాలం ముందు చెట్టుకు చిగురు సరిగ్గా రాలేదు. వచ్చిన ఆకు కూడా చిన్నగా, పసుపుగా ఉంది. పైకొమ్మలు బోడిగా నిలబడ్డాయి. ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, నా చేయంత లావు కొమ్మ విరిగి పక్కింటి పెద్దమ్మ రేకుల మీద పడింది. ఆమెకు డెబ్బై దాటాయి, పడుకునేది ఆ రేకుల కిందే. అదృష్టం, అప్పుడు ఆమె మా వాకిట్లో బీడీలు చుడుతూ ఉంది.

"కొట్టిపియ్యి బిడ్డ. మీ అక్కనే లేదు, ఇంక చెట్టెందుకు" అంది పెద్దమ్మ.

సరే అందామనుకున్నాను. అక్క చీరలు పంచేసినప్పుడు కూడా చలించని దాన్ని, ఈ ఒక్క మాటకు మాత్రం తల ఊపలేకపోయాను. ఈ చెట్టు పోతే అక్క కూర్చున్న చోటే ఉండదు. నాకు మిగిలింది అదొక్కటే.

నరికేవాణ్ని కాకుండా చూసి చెప్పేవాణ్ని అడుగుదామని వాకబు చేశాను. బోధన్ దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు చెరుకు కొట్టేవాడట, ఇప్పుడు టౌనులో ఇళ్ల చెట్లు చూసి, అవసరమైన కొమ్మలు దించి పోతుంటాడు. వస్తూనే పైకి చూస్తాడనుకున్నాను. కింద కూర్చున్నాడు. గొడ్డలి మడమతో మొద్దు చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. మూడువైపులా గట్టిగా పలికింది, పెద్దమ్మ ఇంటి వైపు మాత్రం బోలుగా పలికింది. చేతులతో కుప్ప తోడడం మొదలుపెట్టాడు. లోపల తుక్కు నల్లగా, తడిగా, వెచ్చగా ఉంది. మొదలు బయటపడ్డాక వేలు పెట్టి నొక్కితే బెరడు ఉడికిన గెణుసుగడ్డలా లోపలికి పోయింది.

"ఎవలు పోసిండ్రు చెల్లె గిదంత?"

"నేనే, అన్నా" అన్నాను. సగం అబద్ధం. ఆ ముక్క నోట్లోంచి ఎందుకంత తొందరగా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

"చెట్టు మొదటికి గాలి తాకాలె. గిట్ల ఎప్పుడు తడి పెడితె మురగక ఏం జేస్తది? ఇది ఇయ్యాల్టి రోగం గాదు, పదేండ్ల సంది నడుస్తున్నది. ఎవలు సూడలేదా?"

చూడకపోవడం, చూసీ ఊరుకోవడం, రెండూ మా ఇంట్లో అలవాటే. అక్కకు షుగర్ ఉండేది. పోయే ముందు రెండేళ్ల నుంచి బిళ్లలు మానేసింది. "అవి కిడ్నీలు తింటయి" అని, పొద్దున్నే వేపచిగురు నమిలి, రోగం లొంగిందని తీర్మానించింది. నేను బిళ్లల పట్టీ తీసి ఆమె కంచం పక్కన పెట్టేదాన్ని. ఆమె మళ్లీ డబ్బాలో వేసేది. అంతే, నా పోట్లాట అంతవరకే. తిండి పెట్టి చదివించిన మనిషికి ఏ మొహంతో ఎదురు చెప్పేది? చివరికి ఆస్పత్రిలో వారం రోజులుంది, పోయింది. డాక్టరు "మందులు ఎందుకు మాన్పించారు?" అని నన్ను అడిగాడు.

ఆయన చెట్టెక్కి ఎండుకొమ్మలు దించాడు, రేకుల మీదికి వాలిన బరువు తగ్గించాడు. మిగతా కొమ్మల జోలికి పోలేదు. మొదటికి ఏమైనా మందు పూయాలా అని అడిగితే వద్దన్నాడు.

"ఏం పుయ్యకు, ఏం పొయ్యకు. వాననీళ్లు నిలవకుంట సూడు సాలు. మూడు దిక్కుల మంచిగనే ఉన్నది. గీ ఒక్క వానకాలం ఆగిందనుకో, బతుకుతది. మళ్ల తడి తాకిందా, నేనే వచ్చి కొట్టాలె."

మరునాడు ఆడవాళ్లు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. మొదలు చుట్టూ నేల గుంతలా బోసిగా ఉంది. చెట్టు నిజంగా ఎంత లావో, వేళ్లు ఎట్లా విడిపోయి మట్టిలోకి దిగుతాయో అప్పుడే చూశాం. పొద్దు వాలాక పెద్దమ్మ తన తుక్కు ఊడ్చుకుని, ఆకు నీళ్ల బకెట్ చేతబట్టుకుని ఆ గుంత దగ్గరికి నడిచింది.

"అక్కడ పొయ్యకు పెద్దమ్మా."

"ఏమైంది?"

"మొదలు మురుగుతున్నది."

"గా చెట్టెక్కెటోడు జెప్పిండా? మీ అక్క ముప్పై ఏండ్లు పోసింది. మీ అక్క కంటె ఎక్కువ తెలుసా నీకు?" అంటూ బకెట్ వంచబోయింది.

నేను ఆ బకెట్ పట్టుకున్నాను. నీళ్లు ఇద్దరి కాళ్ల మీదా పడ్డాయి.

"అక్కకు తెల్వకుండె. అక్క తప్పు జేసింది."

చాటల మీద చేతులన్నీ ఆగిపోయాయి. ఆ గల్లీలో అక్క గురించి ఆ మాట అన్నవాళ్లు లేరు. నాకు కోపం వచ్చింది, ఏడాది తర్వాత మొదటిసారి ఏదో ఒకటి వచ్చింది. పెద్దమ్మ మీద కాదు, అక్క మీద, ఆమె మొండితనం మీద. ఎవరినీ అడగదు, ఎవరి మాటా వినదు, అన్నీ తనకే తెలుసు. నా నోరు ఇంక ఆగలేదు.

"బిళ్లలు మానొద్దని నేను ఒక్కనాడు గట్టిగ జెప్పలే. చెట్టుదేముంది, నేను ఆమెకే జెప్పలే."

పెద్దమ్మ బకెట్ కింద పెట్టింది. నా చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"చెప్తె మాత్రం ఇంటుండెనా మీ అక్క?" అంది మెల్లగా.

"ఇనకపోతుండె" అన్నాను. "అయినా నేను జెప్పలే పెద్దమ్మా."